నేల అందని చప్పుడు

తండ్రి పన్నెండో రోజు కార్యం అయిన మర్నాటి పొద్దున్న నుంచి మాణిక్యం ఇంట్లో చప్పుళ్ళు లేవు. అటక మీంచి ఇత్తడి గంగాళం జారి, నిచ్చెన మెట్టు మెట్టుకీ తగులుకుంటూ వచ్చి, హాలు మధ్యలో బోర్లా పడుతుంది. చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా రాదు. పడిన చోట గచ్చు మాత్రం అరచేతంత పెచ్చు లేస్తుంది.

మేనత్త అప్పలనరసమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, గంగాళాన్నీ గచ్చునీ మేనకోడల్నీ వరసగా చూస్తుంది.

"వెళ్ళిపోయాయన్నమాట," అంటుంది.

"ఏవి అత్తయ్యా?"

"చప్పుళ్ళు. మైల తీరేదాకా ఆగాయి, అదే గొప్ప. అన్నయ్య చేతి కింద పెరిగినవి కదే. ఆయన లేని ఇంట్లో అవి మాత్రం ఏం చేస్తాయి?"

ఆవిడ ఆ సంగతి అంతటితో వదిలేసి పప్పులో పోపు పెట్టుకోడానికి వెళ్ళిపోతుంది. పోపు చిటపటలాడుతుంది. అది వినిపిస్తుంది. పోయినవి బరువైనవే. దబ్బుమనేవీ, ధనాలుమనేవీ, ఠంగుమనేవీ, దభీమనేవీ, ఇవన్నీ సోమలింగాచారిగారి వెంట వెళ్ళిపోయాయి. మాటలూ, కుళాయి నీళ్ళూ, ఫ్యాను గరగరా ఎక్కడివక్కడే ఉన్నాయి.

మా కంచరి వీధి సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్పుకోవాలి. ఈ వీధిలో పొద్దున్న ఏడింటికి ఎత్తిన సుత్తి దీపాల వేళదాకా దిగదు. నలభై ఇళ్ళు, నలభై సుత్తులు. బిందెలు, గంగాళాలు, కాగులు, పెళ్ళి పళ్ళేలు. ఫోనొస్తే కాలవ గట్టుదాకా నడిచి వెళ్ళి మాట్లాడతాం. ఇంట్లో సైగలతోనే సగం కాపురం గడిచిపోతుంది. అయినా ఏ దెబ్బ ఏ ఇంటిదో మాకు తెలుసు. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న ఇల్లాలు మొగుడు బిందె అడుగు దగ్గరున్నాడో మెడ దగ్గరికొచ్చాడో చెయ్యి ఆపకుండా చెప్పేస్తుంది. చెవులంటే మావే అని మాకు కాస్త గర్వం కూడా. ఆ గర్వమే మా కొంప ముంచింది, అది తరవాత చెప్తాను.

ఇవాళ ఎదురింటి సుత్తి చప్పుడు వీధి దాటి వచ్చి, మాణిక్యం వాళ్ళ గేటు దగ్గర ఆగిపోతుంది. లోపలికి రాదు. పలకరింపుకి వచ్చి గుమ్మంలో నిలబడిపోయిన మనిషిలా కాసేపు అక్కడే ఉండి వెనక్కి వెళ్ళిపోతుంది.

మాణిక్యానికి నలభై రెండేళ్ళు. మేడ మీద గదిలో ఆడవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతుంది. చీరల కొట్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, ఇంటర్వ్యూలకి వెళ్ళబోయేవాళ్ళు, మొత్తం ముప్ఫై ఇద్దరు. కింద తండ్రి కార్ఖానా, పైన కూతురి పాఠం. ఇంత రొద మధ్య ఎవరు చదువుకుంటారే అని అందరూ నవ్వారు. తండ్రీకూతుళ్ళు కలిసి దానికో దారి పట్టుకున్నారు.

బరువైన చప్పుళ్ళ మాటలూ, కొట్టడం గురించిన మాటలూ చెప్పే పాఠం ఒకటుంది. థంప్, బ్యాంగ్, స్లామ్, నాక్, థడ్. ఏ చప్పుడుకి ఏ మాటో పుస్తకంలో చదివితే తలకెక్కదు. వినిపించాలి. మాణిక్యం పైన మడమతో నేల మీద కొడుతుంది, కింద సోమలింగాచారిగారు చప్పుడు చేస్తారు. మడమ ఒకసారి కొడితే నాక్: ఆయన చెక్క పీట మీద వేళ్ళ కణుపులతో కొడతారు. రెండుసార్లు కొడితే క్లాంగ్: ఇనప దిమ్మ, ఆ దాగలి మీద సుత్తి వేస్తారు. మూడుసార్లు కొడితే థడ్: రేకు కింద పెట్టుకునే ఇసుక మూటని నడుము ఎత్తుదాకా లేపి వదిలేస్తారు.

ఆయన వైపు నుంచి ఒకటే సంకేతం. రెండు దెబ్బలు. "ఉన్నాను, అడుగు," అని దాని అర్థం. పాఠం మొదలయ్యే ముందు ఆ రెండు దెబ్బలూ కింద నుంచి వస్తేనే మాణిక్యం బోర్డు తుడుస్తుంది.

"ఇవాళ ఏ చప్పుడు కావాలమ్మా మీవాళ్ళకి?" అని పొద్దున్నే అడిగేవారు ఆయన, కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని. "మన చప్పుడు తనంతట తనే మాట్లాడుతుంది కదా. వాళ్ళు ఒక్కోదానికీ పేరు పెట్టి ఉద్యోగం ఇస్తారేమిటో. థడ్డుట." అని నవ్వేవారు.

ఆయన పోయిన రోజు కూడా పదకొండింటికి రెండు దెబ్బలు వచ్చాయి. ఆవిడ మూడుసార్లు మడమ కొట్టింది. కాసేపాగి కింద నుంచి బరువుగా, మెత్తగా, నిండుగా ఒక చప్పుడు వచ్చింది. అంత చక్కటి చప్పుడు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"విన్నారా? ఇదీ థడ్ అంటే," అంది మాణిక్యం సంబరంగా. "రాసుకోండి. ద శాండ్‌బ్యాగ్ ఫెల్ విత్ ఎ థడ్."

ముప్ఫై ఇద్దరూ రాసుకున్నారు. వెనక బెంచీవాళ్ళ కోసం ఇంకోసారి మూడు దెబ్బలు కొట్టింది. ఏమీ రాలేదు. నాన్న టీకి వెళ్ళుంటారనుకుని అందరిచేతా గట్టిగా అనిపించింది. థడ్, థడ్, థడ్. నలభై నిమిషాల తరవాత కిందికి దిగితే ఆయన దాగలి పక్కన పక్కకి ఒరిగి ఉన్నారు.

డాక్టరు అడిగాడు, పడినప్పుడు ఏమన్నా వినిపించిందా అని. "నాకేం వినిపించలేదండీ," అంది మాణిక్యం. మేనత్తకీ అదే చెప్పింది. వచ్చిపోయే వాళ్ళందరికీ అదే చెప్పింది. పన్నెండు రోజులైనా ఆ అబద్ధం మార్చలేదు.

సరే, గంగాళం పడిన పొద్దున్నే, పదింటికి, ఇంగ్లీషు మాటలు వచ్చి అరుగు మీద కూర్చుంటాయి.

మనుషుల్లాగే ఉంటాయి. ఒక్కొక్కరి చేతిలో నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం ఉంది. ముందున్న సన్నటి ఆవిడ కొంగు నడుముకి బిగించి, అందరికీ వీపు పెట్టి నిలబడుతుంది.

"ఖాళీలున్నాయని తెలిసింది టీచరుగారూ," అంటుంది వెనక్కి తిరక్కుండానే. "నా పేరు స్లామ్. మీ పాఠంలోదాన్నే. ఇదుగో సర్టిఫికెట్టు."

కాగితం మీద ఎవరో పిల్ల చేతిరాతతో, కోపంగా తలుపు వెయ్యడం, అని ఉంది. రాయించింది తనే. కాదనడానికి వీల్లేదు. మాణిక్యం ఆవిడకి తలుపులు అప్పగిస్తుంది.

బ్యాంగ్ చొక్కా చేతులు కాలి ఉన్నాయి, ఆయనకి కుక్కరూ టపాకాయలూ. బంప్‌కి నుదుటి మీద బొప్పి ఉంది. లోపలికి వస్తూ గుమ్మానికి తల కొట్టుకుని, "పరిచయం అయిపోయిందండీ," అంటాడు. థంప్ అనే లావుపాటావిడ చంకలో దిండు పెట్టుకుని వచ్చి, మెట్లు దిగే కాళ్ళూ, దులిపే పరుపులూ తనకిమ్మంటుంది. భుజాలు తిరిగిన పౌండ్ రోకలి మీద మోచెయ్యి ఆనించి నిలబడతాడు.

"కారం దంచడం నాది," అంటాడు. "భయపడిన గుండె కూడా నాదేనండీ. మీరే చెప్పారు పాఠంలో."

"గుండె నాకూ చెప్పారు," అంటుంది థంప్.

"నా గుండె సంగతి ఎవరూ చూడక్కర్లేదు," అంటుంది మాణిక్యం. ఇద్దరూ తలలు ఊపుతారు గానీ, నమ్మినట్టు కనపడరు.

చిట్టచివర ఒక ముసలాయన ఉన్నాడు. పొట్టి మనిషి. చేతివేళ్ళు మెత్తగా, చివర్లు కాస్త ఒత్తుకుపోయి ఉన్నాయి. ఆయన చేతిలో కాగితం లేదు.

"నా పేరు ట్యాప్ అండీ. వేళ్ళతో నెమ్మదిగా తట్టడం."

"మీరు ఈ పాఠంలో లేరు కదండీ. ఇక్కడ పోయినవి బరువైనవే. చిన్నవి ఎటూ వెళ్ళలేదు, ఖాళీ లేదు."

"ఖాళీ కోసం రాలేదండీ. ఆ రోజు నేనూ..."

లోపల స్లామ్ తలుపు దగ్గర తన పేరు తనే గట్టిగా చెప్పుకుంటుంది. కుక్కరు దగ్గర బ్యాంగ్‌కీ మేనత్తకీ మాటామాటా వచ్చినట్టుంది. మాణిక్యం లోపలికి వెళ్ళిపోతుంది. ముసలాయన నొచ్చుకోడు. అరుగు చివర, ఎవరికీ అడ్డం కాకుండా కూర్చుంటాడు.

అప్పలనరసమ్మ అందరికీ ఉప్మా పెడుతుంది. పని వాళ్ళంటే ఆవిడకి మొదటి నుంచీ ఇష్టమే. కాకపోతే స్లామ్‌తో ఆవిడకి పడదు. తలుపు ఎన్నిసార్లు వేసినా ఆ పిల్ల పలకదు.

"నెమ్మదిగా వేస్తే నాది కాదు పిన్నిగారూ," అంటుంది స్లామ్. "కోపంతో వెయ్యండి, అప్పుడు చూడండి."

"నాకెవరి మీదే కోపం?" అంటుంది మేనత్త. ఆ మాట అన్నాక ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంది. ఎందుకో అప్పటికి మాణిక్యానికి తెలీదు.

మధ్యాహ్నం మాణిక్యం కార్ఖానా తలుపు తీస్తుంది. అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. అరుగు మీదికి రాలేదు, వరసలో నిలబడలేదు. దాగలి పక్కన, నాన్న ఒరిగి ఉన్న చోట కూర్చుని ఉన్నాడు. ఫలానా అని చెప్పుకోడానికి ఆయనలో ఏమీ లేదు. ముతక పంచె, గుండ్రటి భుజాలు. ఆయన కింద నేల గుంటపడింది. గది మొత్తం ఒక మెట్టు లోతుకి దిగిపోయి ఉంది, కాబట్టి మాణిక్యం ఒక మెట్టు దిగి వెళుతుంది. వెనకాలే పౌండ్ వస్తూ, ఆవిడ అడుగడుక్కీ తన పేరు చెప్తుంటాడు. వద్దన్నా వినడు.

"మీరు థడ్ కదా," అంటుంది మాణిక్యం.

ఆయన పెదాలు ముందు కదులుతాయి. మాట కాసేపటికి వస్తుంది.

"అవునండీ."

"పైకి రండి. బియ్యం బస్తాలున్నాయి, కొబ్బరికాయలు పడతాయి. పని ఇస్తాను."

"ఉన్న పని అవలేదండీ."

"ఏం పని?"

"పడుతున్నాను."

"పడి రెండు వారాలైంది."

"మొదలుపెట్టి రెండు వారాలైంది. నేల అందలేదు."

మాణిక్యం మెట్టెక్కి తలుపు వేసేస్తుంది. గదికి అవతల స్లామ్ పలుకుతుంది.

మర్నాటికి గది అయిదు మెట్లు దిగింది. ఆ మర్నాటికి పదకొండు. కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంటుంది గానీ, కిందికి చేరేసరికి పల్చబడుతుంది. గోడలకి వేలాడుతున్న పనిముట్లు ఉన్నచోటనే ఉండిపోయి, నేల ఒక్కటే వెళ్ళిపోతోంది. దాగలి, దాని పక్క ఇసుక మూట, దాగలి మీద నాన్న మెడదాకా కొట్టి వదిలేసిన బిందె, థడ్, ఇవి మాత్రం నేలతోపాటు దిగుతున్నాయి. మేనత్త ఉప్మా గిన్నెని చేదతాడు కట్టి దించుతుంది. ఎవరింటికొచ్చిన వాళ్ళైనా తినకుండా ఉండకూడదు కదా అంటుంది.

నాలుగో రోజు ఇరవై ఏడు మెట్లు. మాణిక్యం చివరి మెట్టు మీద కూర్చుని, పదిహేను రోజులుగా ఎవర్నీ అడగలేనిది అడుగుతుంది.

"ఆ రోజు పడింది మూటా, నాన్నా?"

థడ్ పెదాలు కదులుతాయి. పౌండ్ తన పేరు చెప్పడం ఆపేస్తాడు. మాట వచ్చేసరికి చాలాసేపు పడుతుంది.

"విన్నవాళ్ళు దేని చప్పుడని వింటే మేం దాని దగ్గరికే వెళ్ళాలండీ. మీరు నన్ను మూట దగ్గరికి పంపారు. వెళ్ళాను. మూట కదల్లేదు. దాని చోట అది కూర్చుని ఉంది, చూడండి, ముడి కూడా నలగలేదు. పోనీ మీ నాన్నగారి దగ్గరికి వెళదామంటే నోట్సులో ఆయన లేరు. ముప్ఫై రెండు పుస్తకాల్లోనూ మూటే ఉంది. నాకు దిగడానికి చోటు లేదు."

మాణిక్యం మూట వంక చూస్తుంది. దాని మీద సన్నటి దుమ్ము, ఎవరూ ముట్టుకోని దుమ్ము.

"మూట ఎత్తబోతూ పడ్డారా? నేను అడిగినందుకేనా?"

"నాకు తెలీదండీ. పడటం మొదలయ్యాకే నాకు కళ్ళొస్తాయి. అంతకుముందుదీ చూడలేదు, తరవాతదీ చూడలేదు. తరవాత ఉన్నది ఆ ముసలాయన."

"ఏ ముసలాయన?"

"అరుగు మీద కూర్చోపెట్టారే, ఖాళీ లేదని."

ఇరవై ఏడు మెట్లూ మాణిక్యం ఎక్కుతుంది. పౌండ్ ఆయాసపడుతూ వెనకాల వస్తాడు. అరుగు చివర ట్యాప్ ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నాలుగు రోజులుగా అలాగే. ఉప్మా కూడా తీసుకోలేదుట, ఖాళీ లేదన్నాక తింటే బాగుండదని.

"చెప్పండి," అంటుంది మాణిక్యం ఆయన పక్కన కూర్చుని.

"నేను చేతి సంగతే చెప్పగలనండీ. మిగతా మనిషి నా పరిధి కాదు."

"చేతి సంగతే చెప్పండి."

"మీరు రెండోసారి మడమ కొట్టారు కదండీ, మూడుసార్లు. అది ఆయనకి వినిపించింది. కుడిచెయ్యి ఒంటి కింద పడిపోయింది, ఎడమచెయ్యి కాస్త కదిలింది. దానితో నేల మీద తట్టారు. అదే నేను."

"ఎన్నిసార్లు?"

"రెండు."

మాణిక్యం కళ్ళు మూసుకుంటుంది. ఉన్నాను, అడుగు.

"అప్పుడు పైన మీవాళ్ళందరూ గట్టిగా అంటున్నారండీ, థడ్ థడ్ అని. నేను మెట్లదాకా వచ్చాను. పైకి రాలేకపోయాను. చిన్నవాణ్ణి."

"ఆ తరవాత?"

"ఆగేవారు. మళ్ళీ రెండు. మళ్ళీ ఆగేవారు."

"ఎంతసేపు?"

ముసలాయన తన వేళ్ళ చివర్ల వంక చూసుకుంటాడు. "మీ క్లాసు అయ్యేముందు దాకా ఉన్నానండీ," అంటాడు.

మాణిక్యానికి ఏడుపు వస్తుంది. పదిహేను రోజులుగా రానిది ఇప్పుడు వస్తుంది, అరుగు మీద, వీధిలో అందరూ చూస్తుండగా. ట్యాప్ ఆవిడ భుజం మీద తడతాడు. ఆయనకి వచ్చిన పని అదొక్కటే.

వంటింట్లో అప్పలనరసమ్మ చింతపండు పిసుకుతోంది. మాణిక్యం గుమ్మంలో నిలబడుతుంది.

"నేను విన్నాను అత్తయ్యా. ఆ రోజు. విని, మూటే అనుకున్నాను. పిల్లలకి రాయించాను కూడా."

మేనత్త చెయ్యి ఆగుతుంది. పులుసు మోచేతిదాకా కారుతుంది, తుడుచుకోదు.

"నేనూ విన్నానే," అంటుంది.

"ఏమిటీ?"

"పెరట్లో ఉన్నాను, బట్టలు ఆరేస్తున్నాను. విన్నాను. ఇవాళ అన్నయ్య మూట బాగా ఎత్తాడే, నడుము పట్టేస్తుంది సుమా అనుకున్నాను. అనుకుని ఇంకో చీర దులిపాను." ఆవిడ చింతపండు గిన్నె పక్కకి జరుపుతుంది. "నువ్వు వినలేదన్నావు కదా అని నేనూ ఊరుకున్నాను. ఎదురింటి కామాక్షమ్మ విన్నది. మూలింటివాళ్ళు విన్నారు. పదకొండింటికి మాణిక్యం పాఠం అని తెలియనిదెవరికే ఈ వీధిలో? అందరం విన్నాం. అందరం మూటే అనుకున్నాం."

అదీ సంగతి. ఇందాక చెప్తానన్నది ఇదే. నలభై ఇళ్ళలో ఏ దెబ్బ ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పే వాళ్ళం, మాలో ఒకడు పడిపోతే చక్కగా విని, ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం. ఈ ముక్క చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ రోజు నా చేతిలో పళ్ళెం ఉంది. దెబ్బ తప్పలేదు.

మర్నాడు పదకొండింటికి మాణిక్యం క్లాసు పెడుతుంది. ముప్ఫై ఇద్దరూ వస్తారు. ఈసారి మేనత్త కూడా పైకొచ్చి వెనక బెంచీ మీద కూర్చుంటుంది. ఇంగ్లీషు మాటలు గోడవారగా నిలబడతాయి. స్లామ్ మొదటిసారి ఇటు తిరిగి నిలబడుతుంది. ఆవిడకి చాలా చిన్న మొహం ఉంది, పిల్లల మొహంలాంటిది.

మాణిక్యం అలవాటుగా కింద నుంచి రెండు దెబ్బల కోసం ఆగుతుంది. రావు. అయినా బోర్డు తుడుస్తుంది.

"ఆ రోజు నోట్సు తీయండి," అంటుంది. "అందులో తప్పు రాయించాను. శాండ్‌బ్యాగ్ కొట్టెయ్యండి."

పేజీలు తిరుగుతాయి. చీరల కొట్లో పనిచేసే రాజ్యలక్ష్మి చెయ్యెత్తుతుంది. "మరి ఏం రాయమంటారు మేడమ్?"

మాణిక్యం బోర్డు మీద రాస్తుంది. రాసి, పైకి చదువుతుంది.

"మై ఫాదర్ ఫెల్ విత్ ఎ థడ్."

పెన్నులు కదులుతాయి. నర్సు ఒకామె రాస్తూ రాస్తూ ఏడుస్తుంది, ఏడుస్తూనే చివర చుక్క పెడుతుంది. ఒక్కొక్కరు రాయడం అవగానే క్లాసు గది రెండేసి మెట్లు కిందికి దిగుతుంది. కిటికీలో కాలవ గట్టు పైకి పోతుంది, తరవాత వీధి కప్పులు, తరవాత అరుగు. కిటికీ నిండా మట్టి, ఎర్రటిది, దాని తరవాత నల్లటిది. ముప్ఫై రెండో పుస్తకంలో ఆఖరి అక్షరం పడుతుంది. గది కార్ఖానా అడుగుకి చేరుతుంది, బెంచీలతో, బోర్డుతో, ఫ్యానుతో సహా, ఎక్కడా కుదుపు లేకుండా.

థడ్ లేచి నిలబడతాడు. పంచె దులుపుకుని, మాణిక్యానికి దణ్ణం పెట్టి, నాన్న ఒరిగిన చోట నెమ్మదిగా పక్కకి పడుకుంటాడు.

అప్పుడు చప్పుడు వస్తుంది. ఆ రోజుదే. బరువుగా, మెత్తగా, నిండుగా. ఈసారి దాన్ని అందరూ అదేమిటో తెలిసే వింటారు. పైన వీధిలో మిగిలిన ముప్ఫై తొమ్మిది సుత్తులూ గాల్లో ఆగిపోతాయి. మా ఊళ్ళో పగటిపూట సుత్తి ఆగడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

థడ్ ఉన్నచోట ఎవరూ లేరు. నేల చదునుగా ఉంది.

మాణిక్యం తను చెయ్యగలిగిన ఒక్క పనీ చేస్తుంది. మడమ ఎత్తి మూడుసార్లు కొడుతుంది, ఆ రోజు రెండోసారి కొట్టినట్టే. ఈసారి కోరస్ చెప్పించదు. చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంటుంది. ముప్ఫై ఇద్దరూ, మేనత్తా ఊపిరి బిగపడతారు. పౌండ్ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. గోడవారన ఉన్న ముసలాయన మాత్రం కనపడడు. తన పని మీద వెళ్ళాడు.

దాగలి మీద మెడదాకా కొట్టిన బిందె ఉంది. దాని పొట్ట మీద, లోపలి నుంచి, ఒక వేలి చివర ఉబ్బుతుంది. దాని పక్కన ఇంకోటి. రెండు. ఇత్తడి మీద వేలు తట్టినంత చిన్న చప్పుడు.

ఆగుతుంది. మళ్ళీ రెండు, కాస్త పైన. ఆగుతుంది. మళ్ళీ రెండు.

"ఉన్నారు," అంటుంది మేనత్త, ఎవరితోనూ కాదు.

మాణిక్యం బిందె ముందు చతికిలబడి, ఉబ్బిన ఒక్కో చోటా తన వేలు ఆనిస్తుంది. ఇత్తడి వెచ్చగా ఉంది. రెండుసార్లు తడుతుంది. ఉన్నాను నాన్నా. లోపలి నుంచి మళ్ళీ రెండు. బిందె పెద్దదవుతుంది, ఇంకొకరికి చోటిస్తుంది, ఇంకొకరికి. రాజ్యలక్ష్మి వచ్చి చెవి ఆనిస్తుంది. నర్సులు వస్తారు. అప్పలనరసమ్మ కళ్ళు తుడుచుకున్న తడిచేత్తోనే వచ్చి చెంప ఆనిస్తుంది. పైనుంచి ఎదురింటి కామాక్షమ్మ మెట్లు దిగి వస్తోంది, ఆవిడ వెనక మూలింటివాళ్ళు, వాళ్ళ వెనక సుత్తి ఇంకా చేతిలోనే ఉన్న మేమందరం. బిందె ఇప్పుడు ఇంటి కంటే పెద్దది, దాని చుట్టూ చెవులు ఆనించి మా వీధి మొత్తం నిలబడి ఉంది. ఇత్తడంతా వేలిముద్రలే. రెండేసి, రెండేసి, నలభై నిమిషాల పొడుగునా.

ముప్ఫై రెండు పుస్తకాలూ బెంచీల మీద మూసి ఉన్నాయి. ఎవరూ ఏమీ రాసుకోవడం లేదు.